ముందు కమాను, ఆ తరువాతే తీగలు

గత నెలలో ఒక ఆదివారం ఉదయం మా చిన్నమ్మ కొడుకు గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. వాడి కొడుకు వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఎనిమిది నెలలయింది. "అక్కా, వీడు సరళీ స్వరాలు వాయిస్తూంటే తలుపు బందు కిర్రుమన్నట్టే ఉంది. తీగలు మంచివి కావేమోనని ఎవరో అన్నారు. డామినెంట్ సెట్టు తెప్పిద్దామనుకుంటున్నాను. ఏడు వేల పైమాటేనట, అయినా ఫరవాలేదు, పిల్లవాడి కోసమే కదా" అన్నాడు. "కమాను ఎలాంటిది?" అని, తీగల మీద లాగి వాయించే పుల్ల గురించి అడిగాను. వాడు కాస్త ఆగి, "అదేముందక్కా, వయొలిన్‌తో పాటు పెట్టెలో వచ్చిందే" అన్నాడు.

ఈ సంభాషణ నాకు కొత్త కాదు. నేను వయొలిన్ వాయిస్తానని తెలిసిన బంధువులు, మా వీధిలోని పిల్లల తల్లిదండ్రులు ఏటా ఇద్దరు ముగ్గురైనా సలహా అడుగుతారు. అందరూ తీగల గురించే అడుగుతారు. అందుకు కారణం లేకపోలేదు. తీగలకు పేరుంటుంది, కవరు మీద ధర ఉంటుంది, బిరడా దగ్గర చుట్టిన దారం రంగును బట్టి ఏ రకమో చూడగానే చెప్పవచ్చు. కొత్తవాళ్ళ కోసం అమ్మే వయొలిన్ పెట్టెలో వచ్చే కమానుకు సాధారణంగా పేరూ ఊరూ ఉండవు. ఒక పుల్ల, దానికి బిగించిన వెంట్రుకలు, అంతకు మించి అందులో ఏముందని అనిపిస్తుంది. నా అభిప్రాయం మాత్రం చాలా కాలంగా ఒకటే. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైనప్పుడు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాన్ని ముందు కమాను మీద, దాని వెంట్రుకల మీద, వాటికి రుద్దే జిగురు బిళ్ళ రోజిన్ మీద పెట్టాలి. తీగల విషయంలో మామూలు ఉక్కు తీగలతో సరిపెట్టుకుని, వాటిని కూడా ధర చూసి కాక తాము వాయించే శ్రుతి చూసి ఎంచుకోవాలి. తమ్ముడి ఫోన్ తరువాత, ఈ అభిప్రాయానికి నా దగ్గరున్న ఆధారాలేమిటో ఒకసారి నిదానంగా సరిచూసుకోవాలనిపించింది.

పలకని ఫిడేలు

నాకు పన్నెండో ఏట నాన్న రాజమండ్రిలో ఒక దుకాణంలో వయొలిన్ కొన్నారు. ఇంటికి తెచ్చి కమాను బిగించి తీగ మీద లాగితే అది పలకలేదు. గరగర కూడా లేదు. నూలుపోగు గాజు మీద జారినట్టు వెంట్రుకలు తీగ మీద జారిపోయాయి. రెండు రోజులు అలాగే ప్రయత్నించి, వాద్యంలోనే లోపముందని తేల్చుకుని, మూడో రోజు నాన్న దాన్ని తిరిగి ఇచ్చేయడానికి బయలుదేరుతూ దారిలో మాస్టారికి చూపించారు.

మాస్టారు విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్నవారు. 1919లో మొదలైన ఆ కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ బోధించి, తరువాత ప్రిన్సిపాలు కూడా అయ్యారు. మాస్టారి తరానికి ఆయన బాణీయే ప్రమాణం. మాస్టారు మా వయొలిన్ వంక చూడనైనా లేదు. కమాను తీసుకుని, వెంట్రుకల మీద గోటి వెనుక భాగంతో ఒకసారి తట్టి, "దీనికి ఇంకా అన్నప్రాశన కాలేదమ్మా" అన్నారు. పెట్టెలో ఉన్న కొత్త రోజిన్ బిళ్ళ అద్దంలా మెరుస్తోంది. దాని పైభాగాన్ని పాత బ్లేడు ముక్కతో అడ్డంగా నిలువుగా గీకి, మెరుపు పోయి పొడి రాలడం మొదలయ్యాక, పిడి దగ్గర నుంచి కొస దాకా, కొస నుంచి పిడి దాకా తొందరపడకుండా రుద్దారు. పావుగంట పట్టింది. ఆయన పంచె మీద తెల్లటి పొడి పడింది. ఆ తరువాత రెండో తీగ మీద ఒక్క నిడుపాటి లాగుడు లాగితే, మూడు రోజులుగా మూగదనుకున్న వాద్యంలోంచి షడ్జమం వచ్చింది. నాన్న ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు జరిగినదాని వెనుక ఉన్న కారణం చాలా ఏళ్ళ తరువాత చదువుకున్నాను. రోజిన్ పట్టిన వెంట్రుక తీగను పట్టుకుని కొంత దూరం తనతో లాక్కుపోతుంది, తీగ ఇక సాగలేనప్పుడు జారి వెనక్కు వస్తుంది, వెంట్రుక దాన్ని మళ్ళీ పట్టుకుంటుంది. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ కదలికను స్పష్టంగా వివరించాడు. శ్రుతికి మనవాళ్ళు చెప్పే అంకె పెరిగేకొద్దీ ఆధార షడ్జమం ఎత్తు పెరుగుతుంది. మనం రెండున్నర శ్రుతిలో మధ్య షడ్జమం వాయిస్తున్నప్పుడు ఈ పట్టుకోవడం, వదలడం సెకనుకు దాదాపు 311 సార్లు జరుగుతాయి. ఇది క్రమం తప్పకుండా జరిగితే నాదం, తప్పితే కీచు. తీగ ఎంత ఖరీదైనదైనా దాన్ని పట్టుకునేదీ వదిలేదీ కమానే. నేర్చుకునే పిల్లవాడి కీచుధ్వనికి మొదట కమానునే అనుమానించాలని నేను అనడానికి ప్రధానమైన ఆధారం ఇదే.

దుకాణంలో కమానును చూడడం

తక్కువ ధరలో దొరికే చెక్క కమానుల్లో మంచివీ ఉంటాయి, పనికిరానివీ ఉంటాయి. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. అందుకని పది నిమిషాలు నిలబడి చూడక తప్పదు. పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి పుల్ల పొడవునా చూడాలి. కొస ఎడమకో కుడికో తిరిగి ఉంటే అది ఎప్పటికీ సరికాదు. వదులుగా ఉన్నప్పుడు పుల్ల వెంట్రుకల వైపు వంగి ఉండాలి. మర తిప్పి బిగిస్తే నడుమ భాగంలో వెంట్రుకలకూ పుల్లకూ మధ్య పెన్సిలు దూరేంత సందు రావాలి, అప్పటికీ పుల్లలో కొంత వంపు మిగిలి ఉండాలి. ఆ మాత్రం బిగువుకే పుల్ల నిటారుగా అయిపోయినా, పక్కకు ఒరిగినా దానిలో సత్తువ లేదని అర్థం. అలాంటి కమానుతో తీగ మీద కాస్త బరువు వేస్తే పుల్ల వచ్చి తీగకు తగులుతుంది. పిల్లలు ఆ భయంతో చేతిని పైకి లేపి వాయించడం అలవాటు చేసుకుంటారు, నాదం పీలగా వస్తుంది. ఆ అలవాటును తరువాత మాన్పించడానికి ఏళ్ళు పడుతుంది. నేను నేర్పిన కొద్దిమంది పిల్లల్లోనే ఇద్దరిని చూశాను.

కమానుల్లో అన్నిటికన్నా పేరున్నది బ్రెజిల్ దేశపు పెర్నంబుకో చెక్కది. ఆ చెట్టు అంతరించిపోతున్నదని 2007లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చారు. కొత్తవాళ్ళకు దానితో పని లేదు. వాళ్ళ ముందున్న ఎంపిక మామూలు చెక్కకూ ఫైబర్‌గ్లాసు లేదా కార్బన్ ఫైబరుకూ మధ్యనే. ఒకప్పుడు నేను చెక్క వైపే మొగ్గేదాన్ని. ఇప్పుడు మన వాతావరణానికి చవక చెక్క కన్నా కార్బన్ ఫైబర్ కమానే మేలంటున్నాను. కోస్తాలో శ్రావణ భాద్రపదాల చెమ్మకు వెంట్రుకలు సాగి వదులవుతాయి, రోహిణి కార్తె ఎండకు బిగుసుకుంటాయి. వాయించాక మర వదులు చేయడం ఒక్క రోజు మరచిపోయినా ఆ బిగువంతా పుల్ల మీద పడుతుంది. సరిగా ఆరని చవక చెక్క ఒకటి రెండు వేసవుల్లోనే వంకర తిరుగుతుంది, కార్బన్ ఫైబర్ తిరగదు. మంచి చెక్కలో ఉండే జీవం దానిలో లేదని పెద్దవాళ్ళు అంటారు, ఆ మాట నిజమే; అయితే నాలుగంకెల ధరలో దొరికే చెక్కలోనూ ఆ జీవం ఉండదు.

పిల్లవాడి వయొలిన్ ముప్పావు సైజుదైతే కమానూ ముప్పావు సైజుదే కావాలి, తీగలూ ఆ సైజువే కావాలి. పిల్లవాడు ఎలాగూ పెరుగుతాడు కదా అని పెద్ద కమాను కొనేవాళ్ళున్నారు. చిన్న చేతికి కొస బరువై, లాగుడు చివరికి వచ్చేసరికి మణికట్టు వంగిపోతుంది. చెప్పులకు పనికొచ్చే లెక్క ఇక్కడ పనికిరాదు.

కవరు మీది శ్రుతి, మన శ్రుతి

ఇక తీగలు. ఇంటర్నెట్టులో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య పద్ధతిలో వాయించేవాళ్ళు వాళ్ళ పద్ధతికి రాసుకున్నవి. వాళ్ళు నాలుగు తీగలనూ జి, డి, ఏ, ఇ అని కడతారు. ప్రతి తీగా పక్క తీగకు పంచమం. మనం షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమం అని కడతాం, అది కూడా మన శ్రుతికి. తీగలు తయారుచేసేవాళ్ళు ఇంత మందం, ఇంత బిగువు అని నిర్ణయించేది వాళ్ళ స్వరాలకే. మనం అదే తీగను కిందికి దించి కడుతున్నాం.

ఎంత దించుతున్నామో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తీగ పొడవు, మందం మారనప్పుడు దాని బిగువు స్వరపు కంపన సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది. అయిదు శ్రుతిలో కడితే కింది రెండు తీగలు కవరు మీద రాసిన స్వరాల్లోనే ఉంటాయి, పై రెండూ రెండేసి అరస్వరాలు (నల్ల మెట్లతో కలిపి హార్మోనియం మీద ఒక్కో మెట్టు ఒక అరస్వరం) దిగుతాయి. వాటి బిగువు నూటికి ఎనభై దాకా నిలుస్తుంది. రెండున్నర శ్రుతికి వస్తే పై రెండు తీగలూ ఆరేసి అరస్వరాలు దిగుతాయి, బిగువు సరిగ్గా సగమవుతుంది. ఒకటి శ్రుతిలో కడితే పై తీగల్లో మిగిలేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. అంటే రెండున్నర శ్రుతిలో, ఏడు వేలు పెట్టి కొన్న సెట్టులోని పై తీగలను, వాటిని చేసినవాళ్ళు ఊహించిన బిగువులో సగంతో వాయిస్తున్నామన్నమాట. వదులు తీగ కమాను కాస్త నొక్కగానే అదిరి, శ్రుతి పైకి తేలి, చెదిరిన శబ్దమిస్తుంది. కొత్తవాళ్ళ చేతిలో నొక్కుడు ఎక్కువ కనుక వాళ్ళకు ఈ ఇబ్బంది ఇంకా పెద్దది.

కాబట్టి దుకాణంలో అడగవలసింది "ఏది మంచి తీగ?" అని కాదు, "మా శ్రుతి ఇది, దీనికి బిగువు చాలే తీగ ఏది?" అని. తగ్గు శ్రుతిలో వాయించేవాళ్ళు అదే కంపెనీలో మందం ఎక్కువున్న రకం దొరికితే దాన్ని తీసుకోవడం మంచిది. అయిదు, అయిదున్నర శ్రుతుల్లో వాయించే ఆడపిల్లలకు మామూలు మందమే చాలు. మన తెలుగు పిల్లలు అమెరికాలో బడి ఆర్కెస్ట్రాలో ఒక పద్ధతి, సాయంత్రం ఆన్‌లైన్ తరగతిలో మన పద్ధతి ఒకే వయొలిన్ మీద వాయిస్తూంటారు. మా అక్క కూతురు అలా నెలకో మొదటి తీగ తెంపుకునేది. కిందికీ పైకీ రోజూ అన్ని స్వరాలు తిప్పితే ఏ తీగా నిలవదు. వాళ్ళు రెండో వయొలిన్ అద్దెకు తెచ్చుకోవడమే చవక.

మొదటి రెండేళ్ళకు నేను చెప్పేది నడుమ ఉక్కు పోగున్న తీగలే. డాడారియో ప్రిల్యూడ్ వంటివి. రెండు వేల చుట్టుపక్కల దొరుకుతాయి, చెమ్మకు అంతగా చలించవు, కట్టిన ఒకటి రెండు రోజుల్లోనే శ్రుతి నిలుస్తుంది. డామినెంట్ తీగలను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. నా వయొలిన్ మీద ఉన్నవి అవే. వియన్నాకు చెందిన థోమాస్టిక్ వాళ్ళు 1970లో వాటిని తెచ్చినప్పుడు, పేగు తీగల మృదుత్వమూ వాతావరణానికి తట్టుకునే గుణమూ రెండూ కలవాలని పెర్లాన్ అనే సింథటిక్ పోగును నడుమ పెట్టారు. ఆ మృదుత్వం వినిపించాలంటే వాద్యానికి మంచి చెక్క ఉండాలి, కమాను తీగను నిలకడగా పట్టాలి. అదీకాక అవి కొత్తలో కొన్ని రోజుల పాటు సాగుతూనే ఉంటాయి. శ్రుతి చేసుకోవడం ఇంకా రాని పిల్లవాడు, జారిపోయే బిరడాలు, సాగే తీగలు ఒక్కచోట చేరితే ఆ ఇంట్లో సాధన సమయమంతా శ్రుతి చేయడానికే సరిపోతుంది.

నాకున్న సందేహాలు

నా వాదానికి బలమైన అభ్యంతరం ద్వారంవారి రికార్డులు వింటున్నప్పుడే నాకు తోచింది. ఆయన 1964లో కన్నుమూశారు, డామినెంట్ రావడానికి ఆరేళ్ళ ముందే. ఆ నాదానికి సింథటిక్ తీగలు అక్కరలేకపోయాయి కనుక అంతా కమానులోనే ఉందని నేను చాలామందికి చెప్పాను. తరువాత ఆలోచిస్తే ఈ తర్కంలో కన్నముంది. ఆ రోజుల్లో వాడుకలో ఎక్కువగా ఉన్నవి పేగు తీగలు. అవి ఈనాటి చవక ఉక్కు తీగల వంటివి కావు, వాటి కన్నా ఎంతో మెత్తని నాదమిచ్చేవి. ఆయన ఉదాహరణ కమాను ప్రాధాన్యాన్ని చూపిస్తుందే కానీ, ఉక్కు తీగలు చాలునని నిరూపించదు. ఇప్పుడు ఆ మాట వాడడం మానేశాను.

రెండో అభ్యంతరం చెవికి సంబంధించినది. ఉక్కు తీగల నాదంలో ఒక గరుకుదనముంది. రోజూ గంటసేపు ఆ శబ్దమే వింటూ పెరిగే పిల్లవాడికి మంచి నాదమంటే ఏమిటో తెలియకుండా పోదా? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పిల్లలు తమ వాద్యాన్ని ఎంత వింటారో గురువు వాద్యాన్నీ అంతే వినాలని మాత్రం చెప్పగలను. మా మాస్టారు పాఠం మొదలుపెట్టే ముందు పది నిమిషాలు తామే వాయించేవారు. మా చెవిలో నిలిచింది ఆ నాదమే, మా తీగలది కాదు.

మూడోది, వదులు తీగ మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, సులువుగా వస్తుందనే మాట. అనుభవజ్ఞులు కొందరు అందుకోసమే శ్రుతి తగ్గించి కడతారు. వాళ్ళ విషయంలో అది నిజం. వాళ్ళ కుడిచేతికి తీగ మీద ఎంత బరువు వేయాలో తెలుసు. మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన జంట స్వరాల దగ్గరున్న పిల్లవాడికి ఆ సులువు ఇంకా అవసరం రాలేదు.

గుంటూరులో చూసినది

ఫోన్‌లో ఇంత చెప్పినా తమ్ముడికి నమ్మకం కుదరలేదు. రెండు వారాల తరువాత ఒక పెళ్ళికి గుంటూరు వెళ్తూ నా కమానును వెంట తీసుకుపోయాను. పిల్లవాడు కూర్చుని, వయొలిన్ కొసను కుడి పాదం మీద ఆనించి, ఒక చిన్న డబ్బా తెరిచి ఎడమచేతి వేళ్ళకు కొబ్బరి నూనె రాసుకున్నాడు. గమకాలకు వేళ్ళు జారాలని పెద్దవాళ్ళు చేసే పని అది, చూసి నేర్చుకున్నాడు. తరువాత అదే చేత్తో కమాను నడుమ పట్టుకుని, మర బిగించి, వాయించాడు. కిర్రుమంది.

కమాను అడిగి తీసుకుని కిటికీ దగ్గర చూశాను. నడుమ జానెడు మేర వెంట్రుకలు తెల్లగా లేవు, బూడిద రంగు తిరిగి, ఒకదానికొకటి అంటుకుని పాయలుగా ఉన్నాయి. నూనె పట్టిన వెంట్రుక మీద రోజిన్ నిలవదు, ఎంత రుద్దినా ముద్ద కడుతుంది. నా కమాను వాడికిచ్చి అదే వయొలిన్ మీద, అవే తీగల మీద వాయించమన్నాను. అది వాడి సైజు కాదు, బరువుగా పట్టుకున్నాడు. అయినా మొదటి లాగుడుకే వాడు తలెత్తి వాళ్ళ నాన్న వంక చూశాడు. వంటింట్లోంచి మరదలు బయటికొచ్చి "వదినా, మీరు వాయించారా?" అని అడిగింది.

ఇందులో నా గెలుపు పూర్తిది కాదని ఒప్పుకోవాలి. అక్కడ తేలింది చవక కమాను చెడ్డదని కాదు, ఏ కమానుకైనా నూనె తగిలితే పాడవుతుందని. పది వేల కమాను కొనిచ్చినా ఆ డబ్బా పక్కన ఉంటే నెలలో ఇదే గతి పట్టేది. వెంట్రుకలు మార్పిద్దామంటే ఆ పని చేసేవాళ్ళు గుంటూరులో తమ్ముడికి దొరకలేదు. హైదరాబాదుకో చెన్నైకో పంపాలి, దానికయ్యే ఖర్చు ఆ కమాను ధరను మించుతుంది. అందుకని ముప్పావు సైజు కార్బన్ ఫైబర్ కమాను ఒకటి 2,800 రూపాయలకు, రోజిన్ బిళ్ళ 300 రూపాయలకు కొన్నారు. నూనె సంగతి వాళ్ళ మాస్టారితో మాట్లాడితే, ఇంకో ఏడాది వరకూ అక్కరలేదని ఆయనే చెప్పారట. మర బిగించేటప్పుడు పిడి దగ్గరే పట్టుకోవాలని, వెంట్రుకలకు చెయ్యి తగలకూడదని వాడికి నాలుగుసార్లు చేసి చూపించాను.

తీగల్లో మార్చినవి పై రెండే. ఎనిమిది నెలల చెమటకు రెండో తీగ మీది చుట్టు ఒకచోట విడిపోయి వేలికి గీసుకుంటోంది. మొదటిది తుప్పు పట్టింది. వాళ్ళ మాస్టారి తరగతి రెండున్నర శ్రుతిలో జరుగుతుంది కనుక ముప్పావు సైజులో మందమున్న రకం కోసం వెతికాం, దొరకలేదు. మామూలు మందంలో ఉక్కు తీగలే వేశాం. పై తీగ ఇప్పటికీ కాస్త వదులుగానే పలుకుతోంది. వాడు పూర్తి సైజు వయొలిన్‌కు వచ్చేదాకా అది అలాగే ఉంటుందని తమ్ముడికి చెప్పాను. డామినెంట్ కోసం తీసిపెట్టిన డబ్బులో మిగిలినది ఆ పూర్తి సైజు వయొలిన్ కోసం విడిగా ఉంచానని నిన్న ఫోన్‌లో చెప్పాడు.